తడి గోడలు మూయం

"ఇంకా పైన," అన్నాడు తిబో.

నేను తేమ కొలిచే మీటరును ఇంకో జానెడు పైకి జరిపాను. దాని రెండు సూదులూ ఇటుకలోకి దిగాయి. అంకె కొంచెం తగ్గింది. తిబోకి అది చాలలేదు.

"ఇంకా పైన నదేజ్. భుజం దగ్గర పెట్టు."

జూలైలో ఏరు పొంగినప్పుడు ఫులోన్ వీధి ఇళ్లలో నీళ్లు నడుము దాకా వచ్చి మూడు రోజులు నిలిచాయి. భుజం ఎత్తున ఉన్న ఇటుకకి వరద అంటనే లేదు. ఆ సంగతి నాకు తెలుసు. మా మేస్త్రీ తిబోకీ తెలుసు. తన వంటగది కుర్చీలో చేతికర్ర పట్టుకుని కూర్చున్న లెయోనార్‌కి కూడా తెలుసు. ఆయనకి డెబ్బై తొమ్మిదేళ్లు. ముప్పై ఎనిమిదేళ్లు ఉన్ని మిల్లులో దువ్వెన మిషన్ల దగ్గర పనిచేసిన మనిషి.

"అమ్మాయ్, నీళ్లు వచ్చింది కింద కదా. పైన వెతుకుతావేం?" అన్నాడాయన.

"ఇది మా పని పెద్దాయనా," అన్నాడు తిబో. "ఉన్ని ఎలా దువ్వాలో మీ మిల్లుకొచ్చి మేం చెప్పామా?"

"చెప్పారు బాబూ. నీలాంటి వాళ్లే వచ్చి చెప్పారు. అందుకే అది మూతబడింది."

నాకు నవ్వొచ్చింది. తిబోకి రాలేదు. ఫోనుతో మీటరు ఫొటో తీసుకుని, కాగితం మీద 'పొడి' అన్న గడిలో టిక్కు పెట్టాడు. మిషన్లు ఎత్తమన్నాడు.

తొమ్మిదేళ్లుగా నేను చేస్తున్న పని ఇదే. వరద వచ్చిన ఇల్లు, పైపు పగిలిన ఇల్లు, మంటలార్పడానికి వచ్చినవాళ్లు తడిపి వెళ్లిన ఇల్లు. బురద ఎత్తడం, నానిన గార చెక్కడం, మందు కొట్టడం, తేమ లాగే మిషన్లు పెట్టి గోడ ఆరేదాకా కాపలా కాయడం. ఇటుక నీళ్లు తాగడానికి ఒక్క రోజు చాలు. కక్కడానికి నెలలు పడుతుంది. ఆరకముందే మూస్తే లోపల బూజు పడుతుంది. ఆ ఇంట్లో మనుషులు పీల్చే గాలి అదే. ఇదంతా తెలిసి కూడా నేను ఆ మిషను ప్లగ్గు పీకాను, తీగ చుట్టాను, లారీలోకి ఎక్కించాను. నోరు విప్పలేదు. ఈ కథ కంపెనీ చేసిన అన్యాయంతో మొదలవుతుంది. ఆ అన్యాయానికి చెయ్యి అందించింది నేను.

ఎందుకు విప్పలేదంటే చెప్తాను. మేం మొదట ఇరవై మందిమి. రేపు ఎక్కడ పనో సాయంత్రం ఫోనుకి మెసేజ్ వచ్చేది. ఆగస్టులో నోర్దిన్ అనే మా తోటివాడు గుడ్డ మాస్కులు పనికిరావు, బూజు ఆపే మాస్కులు కావాలని అడిగాడు. ఎవరూ అతన్ని తిట్టలేదు, తీసెయ్యలేదు. ఆ సాయంత్రం అతనికి మెసేజ్ రాలేదు, అంతే. మర్నాడూ రాలేదు. ఇక రానేలేదు. మేం పంతొమ్మిది మందిమి మిగిలాం.

ఆ ఇళ్లన్నీ అద్దెకిచ్చే ఇళ్ల సంస్థవి. ఒకప్పుడు మిల్లు కూలీల కోసం కట్టినవి. అరవై ఇళ్లు సెయింట్ నికోలస్ పండుగలోపు తయారవ్వాలని సంస్థ మా కంపెనీకి గడువు పెట్టింది. గడువు తడికి తెలియదు కదా. తడి ఇటుక మీద జిప్సం బోర్డులు కొట్టాం. తెల్ల రంగు వేశాం. డిసెంబర్ ఆరున సంస్థ డైరెక్టరు వచ్చి వీధి మొదట్లో రిబ్బను కోశాడు. వేడివేడి వాఫిళ్లు, గళ్ల తీపి అట్లు, పంచారు. జనం చప్పట్లు కొట్టారు. ఐదు నెలలు బంధువుల సోఫాల మీద పడుకున్నవాళ్లు సొంత మంచం మీద పడుకోబోతున్నారు మరి, ఎందుకు కొట్టరు?

జనవరిలో ఒక మధ్యాహ్నం వంతెన పక్కన బంగాళదుంప వేపుళ్ల కొట్టు దగ్గర నిలబడి తింటున్నాను. వెనక నుంచి ఎవరో నా భుజం పట్టి తిప్పారు.

"ఏమే, మీటరు పిల్లా! బాగా కరకరలాడుతున్నాయా?"

కొలెత్. లెయోనార్ పక్కింటావిడ. మిల్లు నడిచిన రోజుల్లో యూనియన్ ప్రతినిధి. అరవై ఆరేళ్లు వచ్చినా గొంతు మాత్రం మిషన్ల చప్పుడు మీద అరిచిన గొంతే.

"పొట్లం పట్టుకునే రా. నీ పనితనం చూద్దువుగాని."

తన ఇంట్లోకి తీసుకెళ్లి కింది పడకగది బీరువా ఒక మూల నేను పట్టుకుంటే ఇంకో మూల తను పట్టుకుని ముందుకి లాగింది. గోడ నల్లగా ఉంది. మచ్చలు కాదు, నేల నుంచి మోకాలి దాకా నూగులా మొలిచిన నలుపు. బీరువాలోని తోలు చెప్పుల మీద ఆకుపచ్చ బొచ్చు. నా చేతిలో పొట్లం కింద పెట్టేశాను.

"సంస్థకి ఫోను చేశారా?"

"చేస్తే ఇది పంపారు." అల్మారా మీద నుంచి రంగుల కాగితం తీసి, కళ్లజోడు పెట్టుకుని, బడిపిల్లలా చదివింది. "'ఉదయం, సాయంత్రం పది నిమిషాలు కిటికీలు తెరవండి. తడి బట్టలు ఇంట్లో ఆరేయకండి. వండేటప్పుడు గిన్నె మీద మూత పెట్టండి.' విన్నావా? బూజు నా పులుసులోంచి వచ్చిందట! ఏరు కూడా నేనే పొంగించి ఉంటాను, మూత పెట్టకుండా!"

ఆ వీధిలో అందరికీ అదే కాగితం వచ్చింది. దగ్గేవాళ్లు దగ్గుతూనే కిటికీలు తెరిచారు. బయట మంచు పడుతోంది.

ఫిర్యాదులు ముప్పై దాటాక కంపెనీ మమ్మల్నే మళ్లీ పంపింది. పైపైన మందు కొట్టి, తుడిచి, రంగు వెయ్యమన్నారు. ఇంటికి నలభై నిమిషాలు. నాకు జోడీ ఇయోనెలా. రొమేనియా ఉత్తరాన ఏదో కొండ ఊరు ఆమెది. పదకొండేళ్లుగా ఇక్కడే ఉంటోంది. లెయోనార్ ఇంటికి వెళ్లాం. ఆయన మెట్లెక్కలేక మంచం కింది గదిలోకి దింపించుకున్నాడు. తలగడ పక్క గోడంతా నలుపు.

ఇయోనెలా గుమ్మంలోనే ఆగిపోయింది. "తిబో, ముందు ఈయన్ని వేరే చోటికి పంపాలి. ఇది తుడిస్తే గాల్లోకి లేస్తుంది."

"ఎక్కడికి పంపుతావ్, హోటలుకా?"

"అయితే తుడవను."

"తుడవకపోతే రేపు మెసేజ్ చూసుకోనక్కర్లేదు."

ఆమె నా వంక చూసింది. నేను నా మాస్కు తీసి ముసలాయన ముఖానికి కట్టాను. అదే నేను చేసిన మంచిపని. తర్వాత ఇద్దరం తుడిచాం. ఆయన మమ్మల్ని చూస్తూ పడుకున్నాడు. పని అయ్యాక మాస్కు కిందికి లాక్కుని, ఒక్కో మాటకి ఒక్కో ఊపిరి తీసుకుంటూ అన్నాడు:

"మిల్లులో కూడా ఇంతే అమ్మాయ్. ఉన్ని ధూళి ఛాతీలో దిగితే చలికాలం జలుబన్నారు. అప్పుడు మేం మిషన్లు ఆపాం. మీరేం ఆపుతారు?"

నేను బకెట్టు ఎత్తుకుని బయటికొచ్చేశాను.

మూడు వారాలకి ఆయన ఆసుపత్రిలో పోయాడు. కాగితం మీద 'న్యుమోనియా, వృద్ధాప్యం' అని రాశారు. గోడ సంగతి ఎవరూ రాయలేదు. గోడకి అప్పటికి తెల్ల రంగు ఉంది.

ఖననం అయ్యాక చర్చి హాల్లో కాఫీ, పందిమాంసం పెట్టిన బన్నులు పెట్టారు. వీధి వాళ్లు యాభై మంది దాకా ఉన్నారు. మా పనివాళ్లం ఆరుగురం వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాం. మా వంక ముందు చూసింది బస్సు డ్రైవరు ఒమేర్, ముప్పై ఒకటో నంబరు ఇల్లు.

"వీళ్లకి కాఫీ ఎవరిచ్చారు? ఆ గోడలు మూసిన చేతులు ఇవే కదా! సిగ్గులేకుండా వచ్చి తింటున్నారు!"

హాలంతా గొంతులు లేచాయి. పొమ్మన్నారు. ఒకావిడ హంతకులన్నది. ఇయోనెలా చేతిలో కప్పు బల్ల మీద పెట్టి ముందుకు నడిచింది.

"అవును, ఈ చేతులే. చూడు." చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచింది. చర్మం ఎర్రగా పగిలి పొక్కులు తేలి ఉంది. "మీరు ఒక గదిలో పడుకుంటారు. మేం రోజుకి ఎనిమిది గదులు గీకుతాం. నేను రాత్రికి ఎన్నిసార్లు దగ్గుతానో మా ఆయన్నడుగు!"

"తెలిసి ఎందుకు చేశావ్ మరి?"

"నువ్వు బ్రేకులు అరిగిన బస్సు ఎప్పుడూ నడపలేదా?"

"నడిపాను," అన్నాడు ఒమేర్.

ఇక నేను ఆగలేకపోయాను. "లెయోనార్ ఇంట్లో మీటరు పట్టింది నేను. భుజం దగ్గర పెట్టమంటే పెట్టాను. కింద పెడితే ఎంత చూపిస్తుందో నాకు తెలుసు..." ఏడుపొచ్చింది.

ఎవరూ ఓదార్చలేదు. కొలెత్ నా ముందుకొచ్చి నిలబడింది.

"ఏడవకు. ఇప్పటికే తేమ ఎక్కువగా ఉంది. నీకు పని తెలుసు, మాకు తెలియదు. గోడ బాగుపడాలంటే ఏం చెయ్యాలో చెప్పు."

చెప్పాను. బోర్డులన్నీ పీకాలి. చలి ఆపడానికి వాటి వెనక కుక్కిన దూది పారెయ్యాలి. ఇటుక బయటపడాలి. బూజు పట్టిన ప్రతి ఇంట్లో తేమ లాగే మిషను రాత్రీపగలూ మూడు నుంచి ఆరు వారాలు నడవాలి.

"మిషన్లెక్కడున్నాయి?"

"కంపెనీ డిపోలో. నలభై మూడు. ఖాళీగా."

"ఖాళీగానా! ఎందుకు?"

"ఈ వీధి పొడిగా ఉందని కాగితం ఉంది కదా."

ఎవరో కోర్టుకి వెళ్దామన్నారు. కొలెత్ తలూపింది. "వెళ్దాం. కోర్టు తేల్చేలోపు ఎవరెవరు మిగులుతారో ముందు చీటీలు వేసుకుందాం." ఇంకొకరు, మిషన్లు తెస్తే దొంగతనం అంటారన్నారు.

"ఎందుకంటారు?" అంది ఇయోనెలా. "నేనేం ఎత్తుకుపోయి అమ్ముకుంటానా? పని సామాను పని ఉన్న చోటికి తీసుకెళ్తాను. రోజూ చేసేదే."

చెప్పినంత తేలిక కాలేదు. ఆ ఆదివారం ఇయోనెలా వంటగదిలో మా పంతొమ్మిది మందీ కూర్చున్నాం. ఆమె చేసిన క్యాబేజీ చుట్టలు చల్లారిపోయాయి, ఎవరూ ముట్టలేదు. ఇంటి అద్దె అన్నారొకరు. పిల్లల చదువు అన్నారు ఇంకొకరు. అవి చిన్న భయాలు కావు. నేనూ భయపడ్డాను.

"మెసేజ్ ఒక్కడికి రాకపోతే వాడు ఆకలితో పోతాడు," అంది ఇయోనెలా. "వచ్చిన మెసేజ్ పంతొమ్మిది మందీ చూడకపోతే? అప్పుడెవరు పోతారో ఆలోచించండి."

ముగ్గురు లేచి వెళ్లిపోయారు. వాళ్లని మేం తిట్టలేదు. పదహారుగురం మిగిలాం. బయటికి వస్తుంటే మెట్ల మీద నోర్దిన్ కూర్చుని ఉన్నాడు, ఎవరు చెప్పారో ఏమో. "నన్ను లెక్కలో వేసుకోరా?" అన్నాడు. పదిహేడుగురం అయ్యాం.

సోమవారం ఉదయం ఏడింటికి డిపోకెళ్లి మామూలుగానే లారీలు నింపాం. నాలుగో మిషను ఎక్కుతుండగా తిబో పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటిది? ఇవాళ మీ పని అక్కడ కాదు!"

"ఎక్కడో ఇవాళ మేమే చూసుకున్నాం," అంది ఇయోనెలా.

అతను లారీ ముందు చేతులు చాచి నిలబడ్డాడు. నోర్దిన్ ఇంజను స్టార్టు చేశాడు, కదపలేదు. నేను దిగి వెళ్లాను.

"తిబో, మీ అమ్మ ఆ వీధిలో ఉంటే మీటరు ఎక్కడ పెడతావ్?"

అతను నా ముఖంలోకి చూడలేదు. చేతులు దించాడు, పక్కకి జరిగాడు. మేం గేటు దాటేసరికి ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఉన్నాడు. రెండూ అతనే చేశాడు.

వీధిలో జనం మా కోసం ఎదురుచూస్తున్నారు. మొదట లెయోనార్ ఇల్లు తెరిచాం. కొలెత్ పలుగు ఎత్తింది. నోర్దిన్ ఆపాడు.

"ఆగండి. ముందు మాస్కు. తర్వాత గది తలుపుకి ప్లాస్టిక్ షీటు. తర్వాత నీళ్లు చల్లండి, బూజు లేవకుండా. ఆ తర్వాత కొట్టండి, మీ కోపమంతా తీరేదాకా."

బోర్డు ఊడింది. వెనకవైపు తారు పూసినట్టుంది. ఇటుక మీద నుంచి నీటిచుక్కలు దొర్లి నేల మీద పడ్డాయి. ఏడు నెలల కిందటి వరద అది. ఒమేర్ బయటికి పరుగెత్తి వాంతి చేసుకుని, మూతి తుడుచుకుని, తిరిగొచ్చి పలుగు అందుకున్నాడు.

మధ్యాహ్నానికి ఇల్లిల్లూ ఒక పనిచోటైంది. మాకు తెలిసిందంతా చెప్పాం. ఎక్కడ కొట్టాలి, ఎలా సంచిలో కట్టాలి, మిషను గోడకి ఎంత దూరంలో పెట్టాలి, కిటికీలు ఎందుకు మూసి ఉంచాలి. బడి టీచరు, రిటైరైన నర్సు, మాంసం కొట్టాయన, అందరూ ఒళ్లంతా కప్పే తెల్ల పని సూట్లలో ఒకేలా కనిపించారు. ఊడిన బోర్డులు వీధి మొదట్లో, రిబ్బను కోసిన చోట, నిలువెత్తు గుట్టయ్యాయి. రెండో రోజుకి మిషన్ల బకెట్లు నిండసాగాయి. నీళ్లు పారబొయ్యొద్దని కొలెత్ చెప్పింది. ప్రతి ఇంటి ముందూ బకెట్లు వరసగా పెట్టించింది. పొడి ఇళ్లలోంచి తీసిన నీళ్లు.

మూడో రోజు డైరెక్టరు వచ్చాడు, ఇద్దరు పోలీసులతో.

"ఈ ఇళ్లు ఆరిపోయినట్టు మా దగ్గర రికార్డుంది," అన్నాడు. "మీరు సంస్థ ఆస్తిని పగలగొడుతున్నారు."

కొలెత్ దగ్గర్లో ఉన్న బకెట్టు ఎత్తి ఆయన బూట్ల మీద కుమ్మరించింది. "అయితే ఇవి మీ రికార్డులోంచి కారిన నీళ్లు, తీసుకెళ్లండి!"

పోలీసుల్లో ఒకతను ముఖం తిప్పుకుని నవ్వాపుకున్నాడు. ఆ రోజు వెళ్లిపోయారు.

నాలుగో రోజు పదకొండు గంటలకి కరెంటు పోయింది. వీధి మొత్తానికీ తీసేశారు. భద్రత కోసమట. మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మూడు రోజులుగా చెవుల్లో నిండిన మోత ఆగిపోయేసరికి మనుషులు ఇళ్లలోంచి బయటికొచ్చి ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. మిషను ఆగిన గదిలో గోడ మళ్లీ గాలిని తడుపుతుంది. చేసిందంతా రెండు రోజుల్లో వృథా అవుతుంది. ఒమేర్ మెట్ల మీద కూలబడ్డాడు. "అయిపోయింది," అన్నాడు.

ఫులోన్ వీధి వెనక కొండ మీద పై వీధి ఉంది. వరద ఎక్కని వీధి. వెనకటికి మిల్లు గుమాస్తాలు ఉన్న ఇళ్లు. కంపు వస్తోందని మా వైపు కిటికీలు మూసుకునే జనం. వాళ్లని మేం ఏమీ అడగలేదు.

ఒక కిటికీ తెరుచుకుంది. తలకి తువ్వాలు చుట్టుకున్న ఒకావిడ నారింజ రంగు తీగ చుట్ట ఒకటి పట్టుకుని కిందికి వంగింది.

"ఏయ్, కింద! మిషన్లు ఆగిపోయాయేం?"

"కరెంటు తీసేశారు!" అని అరిచాను.

"నాకు ఇక్కడ ఉంది కదా! పట్టుకో!"

తీగ చుట్ట విప్పుకుంటూ తోటల మీదుగా వచ్చి పడింది. పక్క కిటికీలోంచి ఇంకోటి. కాసేపటికి పై వీధిలో మనుషులు ఒకరినొకరు కేకలేసుకుంటూ గరాజుల్లోంచి, తోటల్లోంచి తీగలు తెచ్చి దించసాగారు. గడ్డి కోసే మిషన్ల తీగలు, క్రిస్మస్ దీపాల తీగలు. సన్నవాటిని నేను వెనక్కి పంపేశాను, కాలిపోతాయని. అతుకులు తడి నేలకి తగలకుండా కుర్చీల మీద, మోడు కొమ్మల మీద నిలబెట్టాం. ఒంటిగంటకి మొదటి మిషను గురగురమంది. ఎవరో ఏడ్చారు. ఇంకెవరో నవ్వారు. ఒమేర్ మెట్ల మీద నుంచి లేచాడు.

శుక్రవారం ఉదయం నాలుగు వ్యానుల్లో పోలీసులు వచ్చారు. మిషన్లు దొంగిలించినందుకు ఆరుగురి పేర్లు చదివారు. మొదటి పేరు ఇయోనెలా. రెండోది నోర్దిన్. నా పేరు లేదు. ఎందుకు లేదో ఇప్పటికీ తెలియదు. జనం దారివ్వకుండా గుమ్మాల్లో కూర్చున్నారు. పోలీసులు వాళ్లని ఈడ్చారు. కొలెత్ మణికట్టు విరిగిన చప్పుడు నేను విన్నాను. ఆమె అరవలేదు, వాళ్లనే తిట్టింది, పేరుపేరునా, ఎవరి తల్లి మిల్లులో ఏ మిషను మీద పనిచేసిందో చెప్పి మరీ తిట్టింది.

ఆ ఆరుగురిని ఎక్కించుకున్న వ్యాను వీధి చివరికొచ్చి ఆగింది. ఎదురు వరస ఇళ్లకి వెళ్లే తీగలు దారికడ్డంగా ఉన్నాయి, కుర్చీ వీపు నుంచి కుర్చీ వీపుకి, నడుము ఎత్తున, ముప్పైకి పైగా.

"తియ్యండి వాటిని," అన్నాడు అధికారి.

ఎవరూ కదల్లేదు.

"పీకెయ్యండి," అన్నాడు తన మనుషులతో. ఒక పోలీసు ఒక తీగ వెంట పైకి చూశాడు. తీగ వెళ్లిన కిటికీలో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. రెండో కిటికీలో ఇద్దరాడవాళ్లు. పై వీధి పొడుగునా మనుషులు, ప్లగ్గుల దగ్గర. అరుపుల్లేవు. చూస్తున్నారు, అంతే.

చివరికి నలుగురు పోలీసులు తమ చేతులతోనే ఆ తీగలన్నీ పట్టి తలల మీదికి ఎత్తారు. వాటి కింద నుంచి వ్యాను మెల్లగా వెళ్లింది. వెనక జాలీ కిటికీలోంచి ఇయోనెలా ఆ నలుగురి చేతుల వంకే చూస్తూ వెళ్లింది. మిషన్లు ఆగలేదు.

తర్వాత జరిగింది కూడా దాచకుండా చెప్తాను. మా పదహారుగురికీ పని పోయింది, నోర్దిన్‌కి ముందే పోయింది. ఇరవై ఆరో రోజున కోర్టు ఉత్తర్వు తెచ్చి మిషన్లు పట్టుకుపోయారు. అప్పటికి తొమ్మిది ఇళ్లు నిజంగా ఆరాయి. మిగతావి సగం తడిగానే ఉన్నాయి, గోడలు తెరిచే ఉన్నాయి, మనుషులు పై వీధి ఇళ్లలో సర్దుకుని ఉంటున్నారు. మిగతా నలుగురినీ వదిలారు గాని ఇయోనెలా, నోర్దిన్ ఇంకా జైల్లోనే ఉన్నారు. విచారణ జూన్‌లోనట. కొలెత్ చెయ్యి వంకరగానే అతుక్కుంది.

కంపెనీ మా స్థానంలో వేరే దేశాల నుంచి కొత్తవాళ్లని దింపింది. మా భాష రాదు, మేమెవరమో తెలియదు. ఏటి అవతలి వీధిలో ఇంకా ఆరని గోడలు మూసే పని వాళ్లకిచ్చారు.

పోయిన సోమవారం ఉదయం అవతలి గట్టు నుంచి ఫోను వచ్చింది. నేను, కొలెత్ వంతెన మీదకి పరుగెత్తాం. బోర్డుల లారీ రోడ్డు మధ్యలో ఉంది. తిబో చేతులు ఊపుతూ అరుస్తున్నాడు. లారీ చుట్టూ ఆ కొత్త పనివాళ్లు పద్దెనిమిది మంది బోర్డులు దించకుండా చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒక్కరి పేరు కూడా మాకు తెలియదు.